రక్షణ గది కప్ప

మేస్త్రి భార్యను కప్ప చంపింది. ఇందులో వాదనకు చోటు లేదు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ రెండేళ్లుగా ఆయన ఇదే చెబుతున్నాడు. ఒక ముక్క కలపడు, ఒక ముక్క తీసేయడు.

ఆ ఊళ్లో తాళంకప్పను ఉత్త కప్ప అంటారు. తాళంచెవిని ఉత్త చెవి అంటారు. వానాకాలంలో గుంటల్లో బెకబెకలాడేదాన్నీ కప్పే అంటారు. ఏది ఏ కప్పో అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు తికమక లేదు. "కప్ప వేసి రా" అంటే ఎవరూ గుంట వైపు వెళ్లరు.

చంపిన కప్ప రక్షణ గదిది. ఏటికి పెద్ద వరద వచ్చిపోయిన సంవత్సరం ఊరి చివర మెరక మీద ఆ గది కట్టారు. ఆపద వస్తే కావలసిన సామానంతా అందులో పెట్టారు. మోకులు, లైఫ్ జాకెట్లు, స్ట్రెచర్, ఇసుక బకెట్లు, మందుల పెట్టె, ఊపిరాడనివాళ్లకు ఆక్సిజన్ సిలిండర్. సామాను పోతుందేమోనని ఇనుప తలుపు పెట్టారు. తలుపు ఎవరైనా తీస్తారేమోనని కప్ప వేశారు. చెవి పోతుందేమోనని ఒక్కటే ఉంచి, దాన్ని రక్షణ కమిటీ కార్యదర్శి మొలకు కట్టారు. కార్యదర్శి ఎక్కడికైనా పోతాడేమోనన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

గది కట్టింది మేస్త్రే. బావులకు రాతి వరస పేర్చడంలో చేయి తిరిగినవాడు. గది తెరిచిన రోజున గోడను అరచేత్తో చరిచి, "ఏనుగొచ్చి వీపు గోక్కున్నా సున్నం రాలదు" అని ఊరందరి ముందూ చెప్పాడు. మేస్త్రి అన్న మాట గోడ మీద రాత లాంటిదని ఊరు నమ్మింది.

ఐదేళ్లు గడిచాక ఒక మిట్టమధ్యాహ్నం ఆయన భార్యకు ఆయాసం ఎగదన్నింది. పట్నం నుంచి ఆస్పత్రి బండి రావాలంటే గంటంబావు. సిలిండర్ గదిలో ఉంది. నలుగురు మనుషులు ఆమెను మంచంతో సహా ఎత్తుకెళ్లి, ఎండగా ఉందని గది వెనక గోడ నీడలో దింపారు. కార్యదర్శి ఊళ్లో లేడు. ఆపదలకు అన్ని విధాలా సిద్ధంగా ఉన్న ఊరని ఆ ఏడు ఆ ఊరికే బహుమతి వచ్చింది. దాన్ని అందుకోవడానికి పట్నం వెళ్లాడు. చెవి ఆయనతోపాటే వెళ్లింది.

మేస్త్రి ఒక బండరాయి తీసుకుని కప్పను కొట్టాడు. అరగంట కొట్టాడు. కప్పకు సొట్టలు పడ్డాయి గానీ నోరు తెరవలేదు. ఆ తర్వాత కొట్టాల్సిన అవసరం లేకపోయింది.

సాయంత్రం కార్యదర్శి చేతిలో బహుమతి పలకతో బస్సు దిగాడు.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కమిటీ కూర్చుంది. మేస్త్రికి సంతాపం తెలిపింది. కప్పకు సొట్టలు పడ్డాయి గనుక దాని బదులు ఇంకా గట్టిది వేయాలని తీర్మానించింది. కొత్త కప్ప అరచేయంత ఉంది. దాన్ని వేయడానికి చెవి అక్కర్లేదు. నొక్కితే చాలు, టక్కున పడుతుంది. తీయడానికే చెవి కావాలి.

"మీ ఆవిడ ఆత్మశాంతి కోసమే ఇంత మంచిది తెప్పించాం మేస్త్రీ" అన్నాడు కార్యదర్శి.

మేస్త్రి ఆయనతో మాటలు మానేశాడు. కమిటీలో మిగతావాళ్లతోనూ మానేశాడు. ఆ కమిటీ అసలే కప్పల తక్కెడ. ఒకణ్ణి కూర్చోబెడితే ఇంకొకడు లేచిపోతాడు. వాళ్లతో అయ్యే పని కాదని పైఆఫీసుకే అర్జీ పెట్టాడు. ఊరి బడిలో ఐదో తరగతి వరకు చదివిన చేయి. ఒక్క మాట ఎక్కువ రాయదు.

"అయ్యా. మా ఊరి రక్షణ గది తలుపుకు పెద్ద కప్ప ఉంది. దానివల్ల నా భార్య చనిపోయింది. రాయితో అరగంట కొట్టినా చలించలేదు. దాని చెవి కార్యదర్శి మొలలో ఉంటుంది. ఆయన ఊళ్లో లేకపోతే అది నోరు తెరవదు. తీసేయించగలరు."

ఇంత తేటగా రాసిన అర్జీ ఆ ఆఫీసుకు అంతకు ముందు వెళ్లి ఉండదు. అదే పెద్ద చిక్కయింది. పట్నంలో కప్పను లాక్ అంటారు. వాళ్లకు కప్ప అంటే ఒకటే కప్ప.

నాలుగు నెలలకు ఒక జీపు వచ్చింది. అందులోంచి మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మోచేతుల దాకా తొడుగులు వేసుకున్న ఆఫీసరు దిగాడు. వెనకాలే మూతలున్న గాజు సీసాలు దిగాయి. రక్షణ గది ముందు జనం పోగయ్యారు. మేస్త్రి పక్కనే ఆయన వదిన నిలబడింది. పోయిన అన్న భార్య. తోడికోడల్ని చెల్లీ అనే పిలిచేది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. మేస్త్రి భార్య పోయినప్పటి నుంచి రోజూ కూర ఆమే పంపుతుంది. కూరతోపాటు నాలుగు మాటలు కూడా.

"కప్ప ఎక్కడుండేది పెద్దాయనా?" అని ఆఫీసరు అడిగాడు.

"ఇక్కడే. తలుపుకే."

"ఎంతకాలం నుంచి?"

"గది కట్టినప్పట్నుంచి."

"మరి ఎవరూ తీసేయలేదా?"

"ఎవరు తీస్తారు సార్? దాని చెవి ఆయన మొలలో ఉంటే."

ఆఫీసరు కార్యదర్శి మొల వైపు చూశాడు. కార్యదర్శి చొక్కా కిందికి లాక్కున్నాడు.

"కప్పలకు చెవులు పైకి కనపడవే?" అన్నాడు ఆఫీసరు అనుమానంగా.

కార్యదర్శి మొద్దు కాదు. ఆఫీసరు చేతిలో ఉన్న అర్జీని అప్పటికే తలకిందులుగా చదివేశాడు. అది తాళంకప్ప అయితే తప్పు తనది. గుంటలో కప్ప అయితే తప్పు దేవుడిది. ఆయన రెండోదే ఎంచుకున్నాడు.

"మా ఊరి కప్పకు ఉండేవి సార్. ఆనవాలుకని ఒకటి దగ్గర పెట్టుకున్నాను" అన్నాడు.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. కార్యదర్శి అటు ఒక్క చూపు చూశాడు. వరద వస్తే లైఫ్ జాకెట్ ఎవరికివ్వాలో రాసేది ఆయనే. నవ్వు ఆగిపోయింది.

మేస్త్రికి ఒళ్లు మండింది. వెళ్లి తలుపు కప్పను రెండు చేతులా పట్టుకుని గలగలలాడించాడు. "ఇదిగో సార్ కప్ప! ఇదే! ఇదే నా పెళ్లాన్ని చంపింది!"

"ఓహో! పట్టుకుని లోపల బంధించారా?"

"లోపలెందుకుంటుంది సార్? బయటే కదా ఉండేది!"

ఆఫీసరు ఒక్క గెంతులో జీపు మెట్టు మీదున్నాడు. బూట్ల చుట్టూ చూసుకున్నాడు.

వదిన తల పట్టుకుంది. "ఓరి నా మరిదీ, లాక్ అని ఒక్క మాట అనొచ్చు కదా, నోరు అరిగిపోతుందా?"

"మా నాన్న కప్ప అన్నాడు. మా తాత కప్ప అన్నాడు. నేను కప్పే అంటాను."

"బావులు కట్టీ కట్టీ బావిలో కప్పలా తయారయ్యావు. పోనీ నన్ను చెప్పనీ. సార్, ఇటు చూడండి, ఈయన చెప్పేది..."

"నువ్వు మధ్యలో రాకు వదినా. నా భార్య, నా అర్జీ, నా మాట. అర్థం కాకపోతే ఆయన మళ్లీ బడికి పోవాలి. నేను కాదు."

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అది ఆమెకు తెలుసు. నోరు మూసుకుంది. ఈలోగా కార్యదర్శి, ఎండెక్కుతోంది భోంచేద్దురుగాని రండంటూ ఆఫీసరు భుజం మీద చేయి వేసి నడిపించుకుపోయాడు.

భోజనమయ్యాక ఆఫీసరు ఉత్తర్వు రాశాడు. ఆ కప్ప ఎప్పుడైనా మళ్లీ రక్షణ గదికి రావచ్చు గనుక తలుపుకు రెండో తాళం వేయాలి. దాని చెవి పట్నంలో తన దగ్గర ఉంటుంది. ఇద్దరూ ఉంటేనే గది తెరవాలి. అదీ నొక్కితే పడే రకమే. ఒక కప్ప తీయమని అర్జీ పెట్టినవాడి కళ్ల ముందే తలుపుకు రెండు వేలాడాయి.

"ఇంకో అర్జీ పెట్టు మరిదీ, మూడు అవుతాయి" అంది వదిన, ఆ సాయంత్రం కూర గిన్నె అరుగు మీద పెడుతూ.

ఆ ఉత్తర్వు వెంబడి సామాను వచ్చింది. నలభై జతల పొడుగు తొడుగులు, కర్రలకు కట్టిన వలలు, ముక్కుకు కట్టుకునే గుడ్డలు, ఇంటికో ఈల, కొత్త ఆక్సిజన్ సిలిండర్. గోడలన్నిటికీ బొమ్మల కాగితాలు అంటించారు. "కప్ప కనిపిస్తే అరవకండి. ఈల ఊదండి. కప్ప కళ్లలోకి చూడకండి." ఈలలు తప్ప మిగతాదంతా రక్షణ గదిలో పెట్టి రెండు కప్పలూ వేసేశారు.

ఆ తర్వాత వానలు పడ్డాయి.

వానలు పడితే ఏమవుతుందో ఆఫీసరుకు ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు పాలు పితికేవాడు పశువుల పాక దగ్గర ఈల ఊదాడు. దానికి జవాబుగా దర్జీ ఊదాడు. మధ్యాహ్నానికి ఊరంతా ఈలలే. పోస్టు తెచ్చేవాడు ఊరి మొదట్లోనే సైకిలు తిప్పేసి ఉత్తరాలతో సహా వెనక్కి పోయాడు. నిజంగా ఆపద వచ్చినా ఈ ఈలల్లో అది ఎవరికీ తెలియదని నర్సమ్మ అంది. ఊరికి వారానికి రెండుసార్లు వచ్చి మందులిచ్చే మనిషి ఆమె. గుంటల్లో కప్పల్ని చూసినవాళ్లు ఎవరూ చనిపోకపోవడం కమిటీ గొప్పతనమని కార్యదర్శి సభ పెట్టి చెప్పాడు.

మేస్త్రి ఈల తీసుకోలేదు. ఎదురుపడినవాడినల్లా ఆపి, "నా భార్యను చంపింది ఈ కప్ప కాదు, ఆ కప్ప" అనేవాడు. వాళ్లకు తెలుసు. అందరికీ తెలుసు. కానీ తొడుగులు వచ్చాయి, వలలు వచ్చాయి, ఊరి పేరు పత్రికలో పడింది. ఇప్పుడు కాదంటే అవన్నీ వెనక్కి తీసుకుపోతారేమోనని ఒక్కడూ నోరు విప్పలేదు.

వానాకాలం మధ్యలో విన్యాసం పెట్టారు. అంటే కప్ప వచ్చినట్టు నటించి, ఊరు ఎంత సిద్ధంగా ఉందో చూసుకోవడం. పగలు పది గంటలకు ఆఫీసరు మెళ్లో గడియారం వేలాడేసుకుని వచ్చాడు. నొక్కితే పరుగెత్తే, మళ్లీ నొక్కితే ఆగే గడియారం. ఆయన చెవితో ఒకటి, కార్యదర్శి చెవితో ఒకటి, రెండు కప్పలూ తీసి గదిలోకి వెళ్లారు. నర్సమ్మ సిలిండర్ తిప్పి చూసింది. బుస్సుమంది. స్ట్రెచర్ ఉంది. అంతా సరిగ్గా ఉందని ఆఫీసరు రాసుకున్నాడు.

మేస్త్రి ఎదురుగా ఒక రాయి మీద కూర్చుని అన్నీ చూస్తున్నాడు.

కప్ప బారినపడ్డ మనిషి వేషం కార్యదర్శిదే. ఇంకెవరికైనా ఇస్తే ఆయన ఊరుకోడు. ముక్కు నుంచి మడమల దాకా రబ్బరు సూటు తొడిగించుకున్నాడు. భారీ మనిషి, సూటేమో సన్నటివాడిది. నలుగురు పట్టి లాగితే ఎక్కింది.

"ఒంటి మీద గట్టి వస్తువులు ఉండకూడదు. స్ట్రెచర్ మీద గుచ్చుకుంటాయి. నియమం" అన్నాడు ఆఫీసరు.

కార్యదర్శి ఏడేళ్లలో మొదటిసారి మొలలోంచి చెవి విప్పాడు. జాగ్రత్తగా ఉంటుందని గదిలో అర మీద పెట్టాడు. అది మంచి పద్ధతని ఆఫీసరుకు తోచింది. గడియారానికి రెండు చేతులూ కావాలి గనుక తన చెవినీ దాని పక్కనే పెట్టాడు. ఇద్దరూ బయటికి వచ్చారు. కార్యదర్శి తలుపు లాగి, అలవాటు కొద్దీ రెండు కప్పలూ నొక్కాడు. టక్. టక్.

మేస్త్రి చూశాడు. ఎవరూ అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఆఫీసరు చెయ్యి ఊపాడు. ఊరంతా ఈల ఊదింది. గుంట గట్టు మీద నుంచి కార్యదర్శి "కప్ప! కప్ప!" అని అరుస్తూ మెరక ఎక్కి వంద బారలు పరుగెత్తాడు. అరవకూడదని కాగితాల మీద ఉన్నా, అరిస్తేనే రక్తి కడుతుందని ఆయన అభిప్రాయం. గది ముందుకు వచ్చి రెండు చుట్లు తిరిగి దభీమని పడ్డాడు. ఆఫీసరు గడియారం నొక్కాడు. స్ట్రెచర్ కోసం నలుగురు తలుపు దగ్గరికి ఉరికారు.

"చెవి ఏదీ?"

ఆఫీసరు జేబులు తడుముకున్నాడు. తర్వాత ఆయన మొహం మారింది.

"లోపల" అన్నాడు.

"రెండూనా?"

"రెండూ."

ఈ సంగతి నియమాల్లో ఉందేమోనని ఆఫీసరు ఫైలు తిరగేశాడు. "చెవి దొరికేదాకా లెక్కలోకి రాదు. అందరూ ఎక్కడివాళ్లు అక్కడే నిలబడండి. కప్ప బాధితుడు కూడా లేవకూడదు" అన్నాడు.

బాధితుడు లేవలేదు. వీపు నేలకు ఆనించి నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాడు. సన్నగా ఈల వేసినట్టు.

"అబ్బ, ఏం నటన! ఈసారి కూడా బహుమతి మనదే" అన్నాడు దర్జీ. చప్పట్లు కొట్టారు.

మేస్త్రి ఆ చప్పుడు విన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు పక్కనే పడుకుని విన్న చప్పుడు. ముందు సన్న ఈల వస్తుంది. తర్వాత మూత పెట్టిన గిన్నెలో నీళ్లు తెర్లినట్టు వస్తుంది. తర్వాత ఏ చప్పుడూ రాదు. ఆ వరస ఆయనకు కంఠతా వచ్చు. ఈల దశలో ఆయన రాయి మీదే కూర్చున్నాడు. ఊళ్లో ఇన్ని ఈలలు మోగాయి, ఇది ఒకటి ఎక్కువ.

నర్సమ్మ కార్యదర్శి ముక్కు మీది గుడ్డ లాగి చూసింది. పెదాలు నేరేడు రంగులో ఉన్నాయి. "నటన కాదు! ఈయనకు ఊపిరాడట్లేదు! సిలిండర్ తెండి!"

అప్పుడు జనం కదిలారు. దొరికిన రాయల్లా తీసుకుని కప్పల మీద పడ్డారు. దర్జీ కొట్టాడు, పాలవాడు కొట్టాడు, ఆఫీసరు బూటుతో తన్నాడు. కమిటీ వెతికి వెతికి తెప్పించిన కప్పలవి. ఏం లాభం? గిన్నెలో నీళ్లు తెర్లడం మొదలైంది.

మేస్త్రి లేచాడు. ఇంటికి వెళ్లాడు. నాలుగిళ్ల అవతలే. మూలనున్న గునపం భుజాన వేసుకుని వచ్చాడు. తలుపు వైపు పోలేదు. గది వెనక్కి వెళ్లాడు. గాలి కంత కిందికి, మూల నుంచి రెండు మూరలు కొలిచి, అక్కడ పొడిచాడు.

మూడో పోటుకు పూత రాలింది. లోపల ఇటుకలు అడ్డంగా పడుకుని లేవు. నిలువుగా, ఒంటి వరసన నిలబడి ఉన్నాయి. వాటి మధ్య సిమెంటు లేదు. బంకమట్టి. వానలకు నాని పిండిలా ఉంది. గునపం దింపి పైకెత్తితే ఇటుకలు పళ్లూడినట్టు ఊడి వచ్చాయి. మనిషి దూరేంత కంత అయింది. మేస్త్రి దూరాడు. సిలిండర్‌ను దొర్లించి బయటికి నెట్టాడు. దర్జీ, పాలవాడు దాన్ని ఎత్తుకుని ముందుకు పరుగెత్తారు. నర్సమ్మ కార్యదర్శి మూతికి సిలిండర్ గొట్టం మాస్కు తగిలించి చక్రం తిప్పింది.

చాలాసేపటికి గిన్నె చప్పుడు తగ్గింది. ఆ తర్వాత ఈల కూడా తగ్గింది. పెదాలకు మనిషి రంగు వచ్చింది.

గడియారాన్ని ఆపడం ఆఫీసరు మరిచిపోయాడు. అది మెళ్లో పరుగెడుతూనే ఉంది. మేస్త్రి వెళ్లినప్పుడు ఒకసారి, సిలిండర్ వచ్చినప్పుడు ఒకసారి నర్సమ్మ అందులో చూసి లెక్క కట్టింది. "మేస్త్రి గునపానికి వెళ్లినప్పటి నుంచి సిలిండర్ వచ్చేదాకా పదకొండు నిమిషాలు. ఇంకో పదకొండు ఆలస్యమైతే దక్కేవాడు కాదు."

"పదకొండు!" అన్నారు జనం. మేస్త్రిని భుజాలకెత్తుకోబోయారు. ఆయన గునపం అడ్డం పెట్టాడు.

మధ్యాహ్నానికి అందరూ వెళ్లిపోయారు. ఆఫీసరు అర మీది చెవులతో రెండు కప్పలూ తీసి, తన చెవి తీసుకుని, కప్ప గోడకు కన్నం వేసుకుని పారిపోయిందని రాసుకుని, జీపెక్కాడు. గది వెనక మేస్త్రి ఒక్కడే ఇటుకలు ఏరుతున్నాడు. వదిన వచ్చి నీడలో నిలబడింది. చాలాసేపు కంత వైపు చూసింది. వంగి ఒక మట్టి పెళ్ల తీసి వేళ్ల మధ్య నలిపింది.

"మట్టి పెట్టి కట్టావా మరిదీ?"

"చివరి రోజు ఇటుక చాల్లేదు. సిమెంటు అయిపోయింది. తెల్లారితే ప్రారంభం. పూత పూసేశాను."

"ఏనుగు గోక్కున్నా అన్నావు."

ఆయన ఇంకో ఇటుక ఎత్తాడు.

వదిన నేల వైపు చూసింది. "మా చెల్లి మంచం ఇక్కడే దింపారు" అంది నెమ్మదిగా. "సరిగ్గా ఇక్కడే. తల ఈ గోడకే ఆనించింది."

మేస్త్రి చేతిలో ఇటుక అలాగే ఉంది.

ఆ రోజు ఆయనకు గోడ గుర్తు రాలేదు. కళ్ల ముందు కప్ప ఉంది, చేతిలో రాయి ఉంది. అంతే. గుర్తొచ్చింది ఆమెను సాగనంపి తిరిగొచ్చి, గుమ్మం ముందు కాళ్లు కడుక్కుంటున్నప్పుడు. ఒక చెంబు నీళ్లు పోసుకున్నాడు. రెండో చెంబు పోసుకోబోతుంటే, గాలి కంత కింద, మూల నుంచి రెండు మూరలు, అని మనసులో తట్టింది. చెంబు కింద పెట్టేశాడు. ఇంట్లోకి వెళ్లి కూర్చున్నాడు. పలకరించడానికి వచ్చిన మొదటి మనిషి, "ఎలా జరిగింది మేస్త్రీ?" అని అడిగాడు. "కప్ప చంపింది" అన్నాడు. అప్పటి నుంచి అదే మాట.

వదినకు ఇదంతా ఎవరూ చెప్పలేదు. ఆమె వేళ్లకంటిన మట్టి దులుపుకుంది.

"పదకొండు నిమిషాలు" అంది.

"కూర చల్లారిపోతుంది వదినా. ఇంటికి వెళ్లు."

ఆమె వెళ్లింది.

మూడు రోజులకు కార్యదర్శి లేచి తిరిగాడు. మనిషి సగమయ్యాడు. మొలకు చెవి లేదు. రెండు చేతుల్లో రెండు కప్పలు పట్టుకుని మేస్త్రి అరుగు దగ్గరికి వచ్చాడు. వెనక కమిటీ అంతా ఉంది. ఒక్కడూ లేచిపోకుండా అందరూ ఒకే చోట నిలబడటం ఊరు అప్పుడే చూసింది. గోడ అవతల నుంచి వదిన కూడా వచ్చి నిలబడింది.

"మేస్త్రీ" అన్నాడు కార్యదర్శి. గొంతు ఇంకా గరగరలాడుతోంది. "ఊపిరాడకపోతే ఎట్లా ఉంటుందో నాకిప్పుడు తెలిసింది. తలుపుకు ఇక కప్ప ఉండదు. పాతది లేదు, కొత్తది లేదు. పైఆఫీసు ఏమన్నా సరే, నేను చూసుకుంటాను. నిన్ను అందరం పిచ్చివాణ్ణి చేశాం. నువ్వు చెప్పిందే నిజం." ఆయన కప్పల్ని అరుగు మీద పెట్టి, చేతులు జోడించాడు. "మీ ఆవిడను కప్పే చంపింది. అది వేసింది నేను. ఊరందరి ముందూ ఒప్పుకుంటున్నాను."

రెండేళ్లుగా మేస్త్రి అడిగింది ఇదే. ఇంతకంటే ఆయన ఎప్పుడూ ఏమీ అడగలేదు. జనం ఆయన మొహం వైపు చూశారు. వదిన చూడలేదు. ఆమె నేల వైపు చూస్తోంది.

మేస్త్రి కప్పలు రెండూ ఎత్తుకుని, వీధి దాటి వెళ్లి గుంటలోకి విసిరేశాడు. బుడుంగుమన్నాయి. గుంటలో కప్పలు అరవడం ఆపి, కాసేపు చూసి, మళ్లీ మొదలెట్టాయి. ఆయన తిరిగి వచ్చి తాపీ, సిమెంటు తట్ట తీసుకుని రక్షణ గది వెనక్కి నడిచాడు, అందరూ వెంట వెళ్లారు. గోడకు ఇంకా రెండు వరసలు మిగిలి ఉన్నాయి. ఈసారి ఇటుకలు అడ్డంగా, జంట వరసన, లోపలా బయటా సిమెంటుతో పేరుస్తున్నాడు.

"ఏదైనా అనవయ్యా మేస్త్రీ" అన్నాడు కార్యదర్శి. "తిట్టనైనా తిట్టు. ఆమెను కప్పే చంపిందని ఒప్పుకున్నాం కదా."

"ఆమె ఆయాసంతో పోయింది" అన్నాడు మేస్త్రి. "దాని గురించి నన్నెవరూ అడగొద్దు. నేను మాట్లాడను. ఇవాళా మాట్లాడను, పోయేదాకా మాట్లాడను. అడ్డం లేవండి, సిమెంటు గట్టిపడుతుంది."